ప్రోటీన్ ఏ కొట్లో దొరుకుతుంది?

“ఒరే అబ్బాయ్, ఈ ప్రోటీన్ అనేది ఏ కొట్లో దొరుకుతుందిరా? మన వూరి కొట్లో అడిగితే అట్లాంటి సరుకు తెప్పించం అన్నాడు.”

నిరుడు వేసవి సెలవులకు నెల ముందు, హాస్టలు వరండాలో నిలబడి ఫోనులో మాట్లాడుతుంటే మా అమ్మ అడిగిన ప్రశ్న యిది. నేను పగలబడి నవ్వాను. ప్రక్క గది మిత్రులకు చెప్తే వాళ్ళూ నవ్వారు. అప్పటికి వారం క్రితమే మా నాన్నకు షుగరు వ్యాధి అని తేలింది. పట్నంలో డాక్టరుగారు మాత్రలు వ్రాసి, ఒక అచ్చు కాగితం చేతికిచ్చారు. అందులో రెండు వాక్యాల క్రింద ఎర్ర సిరాతో గీత గీసి వుంది. ఒకటి: తెల్ల అన్నం తగ్గించవలెను. రెండు: ప్రోటీన్ పెంచవలెను.

నేను ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతున్నాను. ఎమైనో ఆమ్లాలు ఒకదానితో ఒకటి ఎట్లా ముడిపడి ప్రోటీనుగా మారతాయో నాలుగు పేజీలు వ్రాసి మంచి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. కాని అమ్మ ప్రశ్నకు నేనిచ్చిన జవాబు ఇంతే: “పప్పూ గుడ్డూ పెట్టమ్మా, పరీక్షలున్నాయి, తర్వాత మాట్లాడతాను.”

పన్నెండు రోజుల తర్వాత మా బాబాయి ఫోను చేశాడు. పొద్దున పదకొండు గంటలకు నాన్న పొలం గట్టుమీద ఒళ్ళంతా చెమటలు పోసి, చేతులు వణికి, పడిపోయాడట. బాబాయి అక్కడే వుండబట్టి ఎవరో చెప్పగా పంచదార నీళ్ళు త్రాగించి ఆసుపత్రికి తీసుకుపోయాడు. షుగరు ఎక్కువై కాదు, పడిపోయి. మాత్ర వేసుకున్నాడు గాని అన్నం తినలేదు. తగ్గించమని కాగితంలో వుంటే మా నాన్న పూర్తిగా మానేశాడు. రైతు మనిషి, ఏ పనైనా సగం చేయడం ఆయనకు చేతకాదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఏ కొట్లో దొరుకుతుంది అని అడిగిన అమ్మది తెలివితక్కువ ప్రశ్న కాదు, తెలివితక్కువతనం నాదే అని అర్థమయింది. ఆ ప్రశ్నకు ఆలస్యంగానైనా జవాబు చెప్పుకోవడమే ఈ వ్యాసం.

మూడు దినుసులు

మనం తినే తిండిలో శక్తినిచ్చేవి ముఖ్యంగా మూడు: పిండి పదార్థాలు, మాంసకృత్తులు, క్రొవ్వు పదార్థాలు. మాంసకృత్తులు అన్న పేరు చూసి మాంసంలోనే వుంటాయని చాలామంది పొరపాటు పడతారు. ప్రోటీన్లకు మన పాఠ్యపుస్తకాలు పెట్టిన పేరు అది, అంతే. కందిపప్పులోనూ వున్నాయి, పెరుగులోనూ వున్నాయి.

పిండి పదార్థం ఒక గ్రాము ఒంట్లో ఖర్చయితే సుమారు 4 కేలరీల శక్తి వస్తుంది. మాంసకృత్తులు గ్రాముకు 4. క్రొవ్వు గ్రాముకు 9. ఈ 4-4-9 లెక్క పందొమ్మిదవ శతాబ్దం చివర అమెరికాలో ఆట్‌వాటర్ అనే శాస్త్రజ్ఞుడు చేసిన పరిశోధనల నుండి వచ్చింది. ఈనాటికీ ప్రపంచమంతా దానినే వాడుతోంది.

మూడింటి పనులూ వేరు. పిండి పదార్థం పొయ్యిలో పుల్లవంటిది. మండి శక్తినిస్తుంది. మాంసకృత్తులు యింటికి ఇటుకల వంటివి. కండరాలు, రక్తం, ఎంజైములు, రోగాన్ని ఎదిరించే యాంటీబాడీలు అన్నీ వాటితోనే తయారు. క్రొవ్వు నిలవ శక్తి మాత్రమే కాదు. ఎ, డి, ఇ, కె విటమిన్లు ఒంటబట్టాలంటే అది వుండాలి. మన శరీరం తానుగా తయారు చేసుకోలేని కొన్ని క్రొవ్వు ఆమ్లాలు నూనెల నుంచే రావాలి. కాబట్టి “నూనె చుక్క కూడా ముట్టను” అనడం ఆరోగ్యం కాదు.

ఇక్కడ ఒక మెలిక వుంది. పొయ్యిలో పుల్లలు చాలకపోతే శరీరం ఇటుకల్నే పొయ్యిలో పెడుతుంది. అంటే పిండి పదార్థం, క్రొవ్వు మరీ తగ్గించేస్తే, తిన్న కాస్త ప్రోటీనూ కండ పట్టడానికి కాక మండటానికే పోతుంది. మూడూ ఒకదానికొకటి ఆసరా. అందుకే సమతుల్యం అన్న మాట వచ్చింది.

అన్నం మానేస్తే ఏమైంది?

సెలవులకు యింటికి వెళ్ళాక మొట్టమొదట చేసిన పని, జబ్బు తెలియక ముందు నాన్న రోజుకు ఏం తినేవాడో అమ్మను కూర్చోబెట్టి వ్రాసుకోవడం. దగ్గర పెట్టుకున్నది జాతీయ పోషకాహార సంస్థవారి ఆహార విలువల పట్టిక. ఈ సంస్థ మన హైదరాబాదులో, ఉస్మానియా విశ్వవిద్యాలయం చెంతనే తార్నాకలో వుందని మనలో ఎందరికి తెలుసు? 1918లో నీలగిరి కొండల్లోని కూనూరులో, మెకారిసన్ అనే వైద్యుడు బెరిబెరి వ్యాధి మీద విచారణ కోసం మొదలుపెట్టిన చిన్న ప్రయోగశాల అది. 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది, 1969లో ఇప్పటి పేరు పెట్టారు. బియ్యం మొదలు తోటకూర వరకు దేనిలో ఏమెంత వుందో వారు పరీక్షించి పుస్తకాలు వేశారు. 2017లో వచ్చిన పట్టికలో అయిదు వందలకు పైగా ఆహారపదార్థాలున్నాయి.

లెక్క వేస్తే ఇట్లా వచ్చింది. నాన్న రోజుకు మూడు పూటలా కలిపి అరకిలో బియ్యపు అన్నం తినేవాడు. పప్పు 20 గ్రాముల పప్పుకు సరి. కాస్త కూర, పచ్చడి, గ్లాసు మజ్జిగ, మూడు సార్లు తియ్యటి టీ. మొత్తం సుమారు 2,300 కేలరీలు. వాటిలో నూటికి 77 పిండి పదార్థం నుంచి, 9 మాంసకృత్తుల నుంచి, 14 క్రొవ్వు నుంచి. మన పల్లెల్లో చాలా ఇళ్ళ కథ యింతే.

అయితే నన్ను ఆశ్చర్యపరిచింది వేరే అంకె. బియ్యంలో నూటికి 78 గ్రాములు పిండి పదార్థమే అయినా, 7 గ్రాముల దాకా మాంసకృత్తులు కూడా వున్నాయి. అరకిలో బియ్యానికి 35 గ్రాములు. నాన్నకు రోజంతా అందుతున్న మాంసకృత్తులు సుమారు 50 గ్రాములు. అంటే నూటికి 70 భాగాలు అన్నంలోంచే వస్తున్నాయి! ఆయన అన్నం మానేసి రాత్రికి రెండు పుల్కాలు, పగలు మజ్జిగతో సరిపెట్టుకున్నప్పుడు పోయింది పిండి పదార్థం ఒక్కటే కాదు, మాంసకృత్తులు కూడా పోయాయి. “ప్రోటీన్ పెంచవలెను” అన్న కాగితాన్ని నమ్మి ఆయన ప్రోటీన్‌ను సగానికి తగ్గించుకున్నాడన్నమాట. పైగా మాత్ర తన పని తాను చేసింది. ఆ మాత్ర క్లోమగ్రంథి చేత ఇన్సులిన్ వూరింపజేసేది. తిండి లేనిచోట ఇన్సులిన్ వూరితే రక్తంలోని చక్కెర అడుగంటుతుంది. గట్టుమీద జరిగింది అదే.

కాబట్టి మొదటి పాఠం: ఒకదాన్ని తీసేయడం సమతుల్యం కాదు. ఒకటి తగ్గిస్తే దాని స్థానంలో ఏది, ఎంత పెట్టాలో తెలిసి వుండాలి.

వంతుల పద్ధతి

ఎంత అన్న ప్రశ్నకు గ్రాముల్లో జవాబు చెబితే మా అమ్మకు ఉపయోగం లేదు. ఏ అమ్మకూ లేదు. దీనికి మంచి ఉపాయం ఒకటి 1950లో అమెరికాలో వచ్చింది. అక్కడి ఆహార నిపుణుల సంఘం, మధుమేహ సంఘం, ప్రభుత్వ ఆరోగ్యశాఖ కలిసి ఆహారాలను జట్లుగా విడదీశాయి. ఒక జట్టులోని ప్రతి వస్తువుకూ ‘ఒక వంతు’ ఎంతో నిర్ణయించాయి. ఒకే జట్టులో వంతుకు వంతు మార్చుకోవచ్చు. అన్నం వంతు బదులు రొట్టె వంతు తినవచ్చు, గుడ్డు వంతు బదులు చేప వంతు తినవచ్చు. కాని అన్నం వంతు బదులు గుడ్డు వంతు చెల్లదు. డాక్టరు ఇన్ని వంతులని చెబితే చాలు, ఏది వండుకోవాలో ఎవరి యిష్టం వారిది.

స్థూలంగా ఆ లెక్క ఇది. పిండి వంతు అంటే 15 గ్రాముల పిండి పదార్థం. 20 గ్రాముల బియ్యం, లేదా అంతే గోధుమపిండితో చేసిన పుల్కా ఒకటి, లేదా చిన్న ఇడ్లీ ఒకటి. మాంసకృత్తుల వంతు అంటే 7 గ్రాములు. ఒక గుడ్డు, లేదా వండిన చేప గాని కోడిమాంసం గాని 30 గ్రాముల ముక్క. క్రొవ్వు వంతు అంటే 5 గ్రాములు. ఒక చిన్న చెంచా నూనె, లేదా పది పల్లీ గింజలు.

ఇందులో మనవాళ్ళు పప్పులో కాలేసే చోట్లు మూడున్నాయి. మొదటిది పప్పే! 30 గ్రాముల కందిపప్పులో దాదాపు 7 గ్రాముల మాంసకృత్తులున్నాయి, నిజమే. దాంతోపాటు 17 గ్రాముల పిండి పదార్థమూ వుంది. కనుక పప్పు రెండు ఖాతాల్లోనూ వ్రాయాలి. మాంసకృత్తుల్లో ఒక వంతు, పిండిలో ఒక వంతు. రెండవది రాగులు, జొన్నలు. షుగరు వచ్చిందనగానే అన్నం మాని రాగి సంకటి ముద్దలు రెండు లాగించేవాళ్ళను చూశాను. రాగుల్లో సున్నం, పీచు పదార్థం ఎక్కువ, మంచిదే. కాని పిండి పదార్థం మాత్రం నూటికి 70 ప్రాంతంలో వుంటుంది. అదీ పిండి ఖాతాలోనే వ్రాయాలి. మూడవది బంగాళాదుంప, చేమదుంప, కంద. అవి కూరలని పేరే గాని ఖాతాలో పిండి జట్టులోకి వస్తాయి. అన్నంలో బంగాళాదుంప వేపుడు కలుపుకుంటే అన్నంలో అన్నం కలుపుకున్నట్టే.

గేదెపాలు కూడా రెండు మూడు ఖాతాలు దాటుతాయి. 200 మిల్లీలీటర్ల గ్లాసులో 8 గ్రాముల పైగా మాంసకృత్తులు, 10 గ్రాముల పాలచక్కెర, 13 గ్రాముల క్రొవ్వు. మీగడ తీస్తే క్రొవ్వు బాగా తగ్గుతుంది, మాంసకృత్తులు మిగులుతాయి.

పప్పన్నం గూర్చి ఒక్కమాట. బియ్యపు ప్రోటీన్‌లో లైసిన్ అనే ఎమైనో ఆమ్లం తక్కువ. పప్పులో అది ఎక్కువ. పప్పులో మెథియోనిన్ తక్కువ, బియ్యంలో అది ఫరవాలేదు. రెండూ ఒకే రోజు తింటే ఒకదాని లోటు మరొకటి తీరుస్తుంది. మన పెద్దలు పప్పూ అన్నం కలిపారు. కాని ఎంతకు ఎంత అన్నదే మనం మరచిపోయాం. మూడు పాళ్ళ బియ్యానికి ఒక పాలు పప్పు వుండాలి. మా ఇంట్లో ఇరవై అయిదు పాళ్ళకు ఒక పాలు వుంది.

గిద్ద, గరిటె, గుప్పెడు

ఇంటికి త్రాసు కొనుక్కొచ్చాను. అమ్మ దాన్ని వింతగా చూసి, “తూచుకుంటూ కూర్చుంటే పొయ్యిమీద మాడిపోతుంది” అంది. అంతలో బియ్యపు డబ్బాలోంచి గిద్ద తీసింది. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. నాకు వినడమే గాని ఎన్నడూ కొలవని కొలతలు. మా ఇంటి గిద్దెడు బియ్యం త్రాసులో వేస్తే 60 గ్రాములు తూగింది.

చూశారా! 60 గ్రాములంటే సరిగ్గా మూడు పిండి వంతులు. అమెరికావారి పద్ధతికి మా ఇంటి గిద్ద అచ్చంగా సరిపోయింది. గిద్దెడు బియ్యం విడిగా వండి, ఆ అన్నం ఒక స్టీలు గిన్నెలో అదిమి చూశాం. గిన్నెలో ఎక్కడిదాకా వచ్చిందో అక్కడ గీత గీశాం. ఇక రోజూ విడిగా వండనక్కరలేదు. అందరికీ వండిన అన్నంలోంచే ఆ గిన్నెతో తీస్తే గిద్దెడు. పప్పును మాత్రం వండక ముందే కొలవాలి. వండాక ఎన్ని నీళ్ళు పోశామో దాన్నిబట్టి గరిటె విలువ మారిపోతుంది గదా! పల్లీలకు గుప్పెడు చాలు. అమ్మ గుప్పెడు 30 గ్రాములు. నూనెకు చిన్న చెంచా.

మా నాన్నది 60 కిలోల బరువు. పెద్దవారికి కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు సిఫారసు చేస్తారు. అంటే 50 గ్రాములు. మేము వేసుకున్న రోజు పథకం ఇది. అన్నం మూడు పూటలా కలిపి నాలుగు గిద్దలు, అంటే 12 పిండి వంతులు. ప్రొద్దున గిద్దెడు, లేదా దాని బదులు మూడు ఇడ్లీలు. మధ్యాహ్నం గిద్దన్నర, రాత్రి గిద్దన్నర. పప్పు రెండు పూటలా కలిపి గిద్దన్నర, 90 గ్రాములు. ఒక గుడ్డు. శనివారం నాన్న గుడ్డు ముట్టడు కనుక ఆ రోజు శనగ గుగ్గిళ్ళు. మీగడ తీసిన పెరుగు, మజ్జిగ కలిపి 300 మిల్లీలీటర్ల పాలకు సరి. గుప్పెడు పల్లీలు. ఆకుకూరలు, కాయగూరలు 400 గ్రాములు. నూనె అయిదు చెంచాలు. టీలో పంచదార లేదు.

కూడి చూస్తే సుమారు 1,900 కేలరీలు, మాంసకృత్తులు 70 గ్రాముల దాకా. నూటికి 60 పిండి పదార్థం నుంచి, 15 మాంసకృత్తుల నుంచి, 25 క్రొవ్వు నుంచి. ఇది నేను సొంతంగా కనిపెట్టినదేమీ కాదు. జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన మార్గదర్శకాల్లో 2,000 కేలరీల పళ్ళెం ఇట్లా వుంది: ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు లేదా గుడ్లు, మాంసం 85 గ్రాములు, కూరలు 400, పండ్లు 100, పల్లీల వంటి గింజలు 35, నూనె 27 గ్రాములు, పాలు 300 మిల్లీలీటర్లు. దాన్నే మేము గిద్దల్లోకి మార్చుకున్నాం.

ఆ కాగితం పట్టుకొని డాక్టరుగారి దగ్గరకు వెళ్ళాం. ఆయన చదివి, మాత్ర మోతాదు మార్చి, “వేళ తప్పకుండా తినాలి” అని ఒక్కటే చెప్పారు. ఇది ముఖ్యం. మందులు వాడేవారు డాక్టరుతో చెప్పకుండా అన్నం తగ్గించకూడదు. మూత్రపిండాల జబ్బున్నవారు అడగకుండా ప్రోటీన్ పెంచకూడదు.

కొలిచి పెట్టడమా?

లెక్క కుదిరింది. మనిషి కుదరలేదు. మొదటి రోజు మధ్యాహ్నం అమ్మ ఆ గీతల గిన్నెతో అన్నం తీసి పెట్టగానే నాన్న ముఖం మారిపోయింది. “నా యింట్లో నాకు కొలిచి పెడుతున్నారా? కూలికి గింజలు కొలిచినట్టు!” అని కంచం ముందునుంచి లేచిపోయాడు.

మిత్రులారా, పుస్తకాల్లో వ్రాయని కష్టం ఇది. మన ఇళ్ళల్లో తిండికి కొలత అంటే అవమానం. వడ్డించేటప్పుడు చాలు అనేదాకా పెట్టాలి, చాలన్నాక ఇంకొంచెం పెట్టాలి. అదే ప్రేమ. ఎన్నో ఏళ్ళు కొలత గింజలకు పనిచేసిన పూర్వీకుల జ్ఞాపకం కూడా అందులో వుందేమో. నేను శాస్త్రం చెప్పబోయాను. వినలేదు.

అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. “ఒక్క నీకే కాదు నాన్నా, మూడు రోజులు అందరికీ కొలుద్దాం. నాకూ, చెల్లికీ, అమ్మకీ” అన్నాను. ఆయన సరేనన్నాడు. కొలిచి, నోటుబుక్కులో వ్రాశాం.

మూడవనాటి రాత్రి లెక్క వేస్తే, మా ఇంట్లో అన్నింటికన్నా ఒరిగిపోయిన కంచం నాన్నది కాదు, అమ్మది. అందరికీ వడ్డించాక ఆమె తినేది. అప్పటికి గిన్నెలో పప్పు అడుగున నీళ్ళు మాత్రమే వుంటుంది. గుడ్లు నాలుగు ఉడకబెట్టిన రోజున కూడా తన గుడ్డు చెల్లికి వేసింది. అన్నం, గోంగూర పచ్చడి, పలుచటి మజ్జిగ. మూడు రోజుల్లోనూ ఆమెకు అందిన మాంసకృత్తులు రోజుకు 30 గ్రాములు దాటలేదు. 55 కిలోల బరువున్న స్త్రీకి 45 గ్రాములకు పైగా వుండాలి. ఎప్పుడూ కాళ్ళు లాగుతున్నాయనీ, నీరసమనీ ఆమె అనడం, మేము వినీ విననట్టు వుండటం గుర్తొచ్చింది.

నేను అంకెలు చదివాను. నాన్న ఏమీ మాట్లాడలేదు. మరునాడు మధ్యాహ్నం, తాను కూర్చోక ముందే గరిటె తీసుకొని, అమ్మ కంచంలో గట్టి పప్పు వేశాడు. “నువ్వు గూడా కూర్చో, అందరం ఒకేసారి తిందాం” అన్నాడు. అమ్మ కంగారుపడి, “ఇదేమిటండీ, నాకెందుకు” అంటూనే కూర్చుంది. ఆ రోజునుంచి గీతల గిన్నె మీద నాన్న కోపం పోయింది. కొలత తనను తక్కువ చేయడానికి కాదు, ఎవరికీ తక్కువ కాకుండా చూడటానికి అని ఆయనకు నాకన్నా ముందే అర్థమయిందనుకుంటాను.

నాన్నకు షుగరు పోయిందని నేను చెప్పను. అది పోయే జబ్బు కాదు. కాని ఆ తర్వాత ఆయన గట్టుమీద పడిపోలేదు. పరీక్షలో అంకెలు దిగివచ్చాయి. అమ్మ కాళ్ళ మాట ఎత్తడం తగ్గింది.

మన మెస్సు సంగతి

ఈ సంవత్సరం మీరంతా నన్ను మెస్సు సెక్రటరీగా ఎన్నుకొన్నారు. “ఏం మంచి కూరలు పెట్టిస్తావు” అని అడిగినవారే గాని పప్పు ఎంత అని అడిగినవారు లేరు. బాధ్యత తీసుకున్న వారంలో నేను చేసింది మా ఇంట్లో చేసిందే, కొలవడం.

మన మెస్సులో అన్నం ఎంత కావాలంటే అంత. పప్పు మాత్రం ఒక్క గరిటె. అంటే చవకైన పిండి పదార్థానికి హద్దు లేదు, ఖరీదైన మాంసకృత్తులకు హద్దు వుంది. కడుపు నిండుతుంది, కంచం ఒరుగుతుంది. పూటకు 300 మందికి 6 కిలోల కందిపప్పు వేస్తున్నారు. మనిషికి 20 గ్రాములు. అదైనా సమంగా అందుతోందా? మొదటి బంతికి గట్టి పప్పు. రెండవ బంతికి కాస్త జారు. ల్యాబుల్లో ఆలస్యమై మూడవ బంతికి వచ్చేవారికి పసుపు నీళ్ళు. మా అమ్మ గిన్నె అడుగు ఇక్కడ కూడా కనబడింది.

మరోవైపు, ఒక మధ్యాహ్నం కంచాల్లో వదిలేసిన అన్నమంతా బుట్టలోకి ఎత్తి తూచాం. 21 కిలోలు! సుమారు 8 కిలోల బియ్యం. మన వంట బాబాయితో కూర్చొని లెక్క చూశాను. ఆ వృధా ఆగితే వచ్చే డబ్బు పూటకు మరో 3 కిలోల పప్పుకు దాదాపు సరిపోతుంది. అప్పుడు మనిషికి 30 గ్రాములు, నిండుగా ఒక వంతు. బాబాయి తల గోక్కొని, “పిల్లలు మొదటిసారే గుట్టగా పెట్టించుకుంటారు బాబూ, తక్కువ పెడితే కోప్పడతారు” అన్నాడు. అందుకని ఇప్పుడు మొదటి వడ్డన చిన్న హస్తంతో, మారు వడ్డన అడిగినన్నిసార్లు. పప్పు దించగానే, ఒక్కరు కూర్చోక ముందే, మూడు బంతులకు మూడు గిన్నెల్లో సమంగా పోసేయడం. ఈ రెండే మార్పులు. మెస్సు బిల్లు పెరగలేదు. అన్నం బుట్ట బరువు సగానికి తగ్గింది. మూడవ బంతివారు నన్ను తిట్టడం మానేశారు. మొదటి బంతివారు కొందరు మొదలుపెట్టారు. సెక్రటరీగిరీ అంటే అంతే గదా!

వ్యాయామశాలకు వెళ్ళే మిత్రులతో ఒక మాట. పెద్ద పెద్ద డబ్బాల్లో అమ్మే ప్రోటీన్ పొడులకు నెలకు వేలు పోస్తున్నారు. ఒక మోతాదు పొడిలో వుండేది 20 నుంచి 25 గ్రాముల మాంసకృత్తులు. రెండు గుడ్లు, గుప్పెడు పల్లీలు కలిస్తే దాదాపు అంతే. 2024 మార్గదర్శకాలు కూడా కండల కోసం పొడులు వాడవద్దనే చెప్పాయి. ఆ డబ్బుతో మెస్సు బయట ఉడికించిన శనగలు తినండి, మిగిలింది ఇంటికి పంపండి.

అమ్మకు ఇప్పుడు జవాబు చెప్పగలను. ప్రోటీన్ మన వూరి కొట్లోనే దొరుకుతుందమ్మా. కందిపప్పని, శనగలని, పల్లీలని అడిగితే ఇస్తాడు. కాని తెచ్చినదాంట్లో నీ వంతు నీ కంచంలో పడిందా లేదా అన్నది కొట్టువాడు చూడడు. అది మేమే చూడాలి.

చదివే మిత్రులందరికీ ఒక మనవి. ఈ సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు మూడు రోజులు మీ ఇంట్లో కంచాలు గమనించండి. త్రాసు అక్కరలేదు, గిద్ద లేకపోతే టీకప్పు చాలు. ఎవరి కంచంలో అన్నం గుట్టగా వుంది, ఎవరి కంచంలో పప్పు పడలేదు, ఎవరు ఆఖరున తింటున్నారు, వ్రాసుకోండి. తర్వాత ఏం చేయాలో మీకు ఎవరూ చెప్పనక్కరలేదు.